మోనిషకు మేనమామ సీరు

ఫిబ్రవరి 9, ఆదివారం

నొక్కినా. ఎర్రచుక్క ఎలుగుతా ఉండాది. అంటే నేను చెప్పేది ఇంటా ఉండాదని అర్థం.

నాకు అక్షరం ముక్క రాదు. తెలుగులో మాట్లాడతా, తమిళంలో తిడతా, రెండింట్లో దేనికీ రాత తెలీదు. దీపావళికి వచ్చినప్పుడు నా మనవడు వినోదు నా ఫోన్లో ఇది పెట్టిచ్చినాడు. "అవ్వా, ఇది నొక్కి మాట్లాడు. నువ్వు చెప్పిందంతా తెలుగులో రాసిపెడతాది, తేదీ కూడా అదే ఏసుకుంటాది. మళ్ళా ఇనాలంటే ఈ పక్క నొక్కు, చదివి చెప్తాది. నీ కడుపులో ఉండేదంతా దీనికి చెప్పు. ఇది పోయి ఎవురికీ చెప్పదు" అన్నాడు. ఇన్నాళ్ళూ చెప్పేదేమీ లేకపాయె. ఈ పొద్దు ఉండాది.

మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకోని కూర్చోని చెప్తా ఉండా. పైన నా కొడుకు మణికందన్ టీవీ గట్టిగా పెట్టుకోనుండాడు. చూస్తా లేడు. ఊరికే పెట్టుకోనుండాడు.

నిన్న ఎవురో వాని ఫోనుకు ఒక వీడియో పంపినారు. వేలూరులో వినోదు చదివే యూనివర్సిటీలో పొంగలు పండగంట. వినోదు చీర కట్టుకోని, తలలో పూలు పెట్టుకోని, మైకు పట్టుకోని "నా పేరు మోనిష" అంటా ఉండాడు. చుట్టూ పిల్లకాయలు చప్పట్లు.

మణికందన్ ఫోను గోడకేసి కొట్టినాడు. పగల్లేదు. మళ్ళా తీసి మళ్ళా చూసినాడు.

"చదువు చాలు. తోలుకొచ్చి మగ్గంలో కూర్చోబెడతా. నా కంటి ముందర లుంగీ నేసుకుంటా ఉండనీ. నేను పోతే కొడతానమ్మా. నువ్వు పో. నీ మాట ఒకటే వాడు ఇనేది."

సరే అన్నా. రేపు పొద్దున బస్సెక్కి పోయి చెవి పట్టుకోని ఈడ్చుకొస్తా. నాకేం జాలి లేదు. నా కోడలు సుగంతి ఒక మాట మాట్లాడలా. ఆంబూరు చెప్పుల ఫ్యాక్టరీలో పొద్దంతా నిలబడి వచ్చే మనిషి, దానికి మాట్లాడే ఓపిక యాడిది.

వీడియో చూసినప్పుడు నాకు ముత్తు జ్ఞాపకం రాలేదు. ముత్తు చిన్నప్పుడు మా వీధిలో నా ఈడు పిల్లకాయ. వానికీ దీనికీ ఏం సంబంధం.


ఫిబ్రవరి 10, సోమవారం

పోయొచ్చినా.

గేటు కాడ వాచ్‌మను "ఎవురు కావాల పాటీ?" అన్నాడు. తమిళంలో అవ్వా అని. వినోద్‌కుమార్ అన్నా. తెలీదన్నాడు. ఫొటో చూపిచ్చినా. పక్కన పోయే ఆడపిల్లలు ఇద్దరు తొంగి చూసి, "అయ్యో, మన మోనిషా! రండి పాటీ" అని నా సంచి లాక్కున్నారు. నేను ఇయ్యను అంటే కూడా ఇడవలా.

చెవి పట్టుకోవాలని పోయినా కదా. ఎదురుగా వచ్చింది చుడీదార్ ఏసుకున్న పిల్ల. మెడ దాకా జుట్టు, క్లిప్పు, చిన్న బొట్టు. చెవిలో బుల్లి జుమికి. జుమికి ఉండే చెవి పట్టుకోని ఈడిస్తే తెగుతాది. చెయ్యి దించేసినా.

"అవ్వా, నాయన పంపించినాడా?"

"నేనే వచ్చినా. ఏం, నేను రాకూడదా?"

అన్నం తిందువు రా అని మెస్సుకు తోలుకోని పాయె. సాంబారు నీళ్ళు. దానికంటే మా ఊరు ఏట్లో నీళ్ళు చిక్కగా ఉంటాయి, వాన కురిసిన ఏడు. ఒకరెనక ఒకరు పిల్లకాయలు వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఒకడు దినకర్ అంట, తిరువలం పిల్లోడు, వెదురుపుల్ల మాదిరి ఉండాడు. వానికి ఇంకో పిల్లోని మీద ప్రేమ. వాళ్ళ నాయన మాటలాపేసి ఏడాదైంది. మోనిష, వాడు చేసిన ఏదో పనికి "మా అవ్వ చూస్తే తిడతాది" అన్నింది. వాడు చేతులు కట్టుకోని నా ముందర నిలబడినాడు. "అవ్వా, నన్ను కూడా తిట్టండి. మా ఇంట్లో తిట్టేది కూడా మానేసినారు."

తిట్టినా. బాగా తిట్టినా. వాడు అన్నం ఇంకొంచెం పెట్టిచ్చుకోని తిన్నాడు.

తర్వాత ఒక టీచరు వచ్చింది. ఎవాంజలిన్ మిస్. చిన్న వయసే. "నేను అరక్కోణం పిల్లనమ్మా, మా ఇంట్లో కూడా తెలుగే" అన్నింది. ఆయమ్మ ఈ పిల్లకాయల కోసం ఒక కూటం నడిపిస్తా ఉండాది. పేరు వానవిల్. తమిళంలో హరివిల్లు. ఇంట్లో పెట్టిన పేరు తమకు కుదరనోళ్ళు, పిల్లను ప్రేమించే పిల్ల, పిల్లోన్ని ప్రేమించే పిల్లోడు, ఇంకా తేల్చుకోనోళ్ళు, అందరూ శుక్రవారం శుక్రవారం ఒక గదిలో కూర్చుంటారు. ఎవురన్నా ఏడిపిస్తే ఆయమ్మ పోయి ఆఫీసులో కొట్లాడతాది.

మిస్సు నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "మొదటి సంవత్సరం అబ్బాయిల హాస్టల్లో మోనిష అన్నం మానేసిందమ్మా. స్నానానికి పోయేదానికి భయం, మెస్సుకు పోయేదానికి భయం. ఆస్పత్రిలో గ్లూకోసు ఎక్కించినాము. ఇప్పుడు విడిగా రూము ఇప్పించినాక తింటా ఉండాది, చదవతా ఉండాది. ఇప్పుడు ఇంటికి తోలుకోని పోతే మళ్ళా యాడికొచ్చి నిలబడతాదో నాకు భయం."

ఆ ఏడు పండగలకు వచ్చినప్పుడంతా ఎందుకురా ఇట్ల చిక్కిపోతావు అంటే "మెస్సు కూడు బాగలేదవ్వా" అనేది. నేను మెస్సోన్ని తిట్టినా. ఏడాది పొడుగునా మెస్సోన్ని తిట్టినా.

ఒక్కదాన్నే బస్సెక్కి వచ్చేసినా. మణికందన్ యాడ వాడు అన్నాడు. జరం అని చెప్పినా. తగ్గినాక తోలుకొస్తా.


ఫిబ్రవరి 11, మంగళవారం

జరం కాదు, పరీక్ష అని చెప్పింటే బాగుండేది. జరం రెండు రోజుల్లో తగ్గిపోతాది.


ఫిబ్రవరి 13, గురువారం

మోకాలు నొప్పి. అందుకే వేలూరు పోలేదు. నిజంగానే నొప్పి.

ముత్తు గురించి చెప్పి తీసేస్తా, పదేపదే గొంతులోకి వస్తా ఉండాది.

అప్పుడు మా ఊరు గుడియాతం అంటే మగ్గం చప్పుడే. ఇప్పుడు పవర్‌లూము దడదడ కాదు, చేతి మగ్గం. ఒక్కొక్క ఇంటిది ఒక్కొక్క తాళం. కండ్లు మూసుకోని నడిచినా ఇది ఎవురిల్లో చెప్పేసే దాన్ని. తెల్లారకముందే వీధి పొడుగునా పడుగు నూలు సాగదీసి గంజి పెట్టేవాళ్ళు. ఎండెక్కితే గంజి అంటుకుంటాది కాబట్టి మంచులోనే పని. ఆ కొస నేను, ఈ కొస ముత్తు. నూలు తెగితే ముడేసేదానికి వాని వేళ్ళు ఎంత బాగుండేవో. పాట పాడతా, నడుము ఊపతా, తడి పడుగు కింద దూరి అవతల తేలేవాడు. పెద్దోళ్ళు "ఏందిరా ఆ నడక" అనేవాళ్ళు. "పడుగు తెగకుండా నడవతా ఉండా పెద్దమ్మా" అనేవాడు. ఎవురికీ కోపం నిలిచేది కాదు.

నేను పెద్దమనిషైనప్పుడు మా మేనమామ వరదరాజులు తిరువలం నుంచి వచ్చి బస్సు దిగి నడిచొచ్చినాడు. ఎనకాల నెత్తిమీద తట్టలు పెట్టుకోని ఆడోళ్ళు. చీర, గాజులు, పసుపు, పూలు, పండ్లు, పిండి ఉడకేసి చేసిన పుట్టు, నువ్వుల నూని. మేనమామ చేతుల మీదగా రావాల అయి, దాన్నే సీరు అంటారు. పచ్చ కొబ్బరాకుతో గుడిసె కట్టి, పసుపునీళ్ళు పోసి, కొత్త చీర కట్టించి, మేనమామ మెళ్ళో మాల ఏస్తే అప్పుడు ఊరికి తెలుస్తాది, ఈ ఇంట్లో ఒక ఆడబిడ్డ ఉండాది, దానికి ఎనకా ముందూ మనుషులు ఉండారు అని. నా కండ్లకు కాటుక పెట్టింది ముత్తు. ఆ పచ్చాకు వాసన ఇప్పటికీ ముక్కులో ఉండాది. ముత్తు ఆ గుడిసెలో దూరి నా పక్కన కూర్చోని నా పుట్టు సగం తినేసినాడు. ముసిలోళ్ళు చీపురు తీసుకోని తరిమితే, నవ్వుకుంటా బయటికి దూకినాడు. దూకేముందు నా చెవిలో "నాకెప్పుడు చేస్తారే సీరు?" అన్నాడు.

రెండేండ్లకు కాట్పాడిలో రైలెక్కినాడంట. బొంబాయి అన్నారు. అంతే.

చెప్పేసినా. ఇంక గుర్తు రాదు.


ఫిబ్రవరి 18, మంగళవారం

మళ్ళా పోయినా. తోలుకొచ్చేదానికే పోయినా.

ఈసారి రూములో కూర్చున్నాము. గోడకు రంగురంగుల కాగితాలు అతికించి ఉండాది. మంచం మీద పుస్తకాలు. నా తలకు నూని రాసింది. నేను దాని తలకు రాసినా. జుట్టు మెత్తగా ఉండాది, దాని అమ్మ జుట్టు మాదిరే.

"అవ్వా, మార్చి ఏడు మా వానవిల్ పండగ. ఇంటోళ్ళను పిలవమన్నారు. పోయినేడు అందరికీ ఎవురో ఒకరు వచ్చినారు. ఒకరికి అక్క, ఒకరికి పిన్నమ్మ. నేను నీళ్ళ బాటిళ్ళు పంచతా తిరిగినా, కూర్చుంటే ఎవురన్నా అడుగుతారని."

"ఏం అడుగుతారు?"

"మీవాళ్ళు యాడ అని."

నాకు కోపం వచ్చేసింది. ఎవురి మీదనో తెలీదు. లేచి నిలబడి చెప్పేసినా. "సీరు తెస్తా. నీ మేనమామను పిలిపిస్తా. ఆడబిడ్డ అంటివి. ఆడబిడ్డకు మేనమామ తట్ట రాకుండా ఎట్ల? ఆ పండగలోనే చేస్తా."

అది నూని గిన్నె పట్టుకోని అట్లే ఉండిపాయె.

దినకర్ వచ్చినాడు, వానెనక ఇంకొంతమంది. మాట తెలిసి రచ్చ మొదలు. ఒక పిల్ల, కండ్లద్దాలు, అంటాది, "అవ్వా, ఆడపిల్ల వయసుకొచ్చింది చూడండి అని ఊరికి చాటే పనులు వద్దని మేమే కదా మాట్లాడేది! ఆ ఫంక్షన్ తర్వాత నన్ను ఆడుకునేదానికి కూడా పంపలా. మళ్ళా దాన్నే మా పండగలో చేస్తారా?"

"నిన్ను గుడిసెలో పెట్టి తలుపు మూసినారే పిల్లా, అది తప్పే. నేను తలుపు తెరిచేదానికి చేస్తా ఉండా."

"కానీ అవ్వా, మోనిషకు... అంటే... పెద్దమనిషి అయ్యేది..." అని దినకర్ నసిగినాడు.

"ఏందిరా నసుగుతావు? నలుగురిలో నిలబడి తన పేరు తానే చెప్పుకుంది. అంతకంటే పెద్దమనిషి ఎవురైనారు ఈ వంశంలో?"

అందరూ ఒకేసారి మాట్లాడినారు. ఎవాంజలిన్ మిస్ చెయ్యెత్తి ఆపి, "ఎవురి ఇష్టమో వాళ్ళను అడగండి" అని మోనిష తట్టు చూసింది.

మోనిష తలెత్తలా. "నాకు కావాల" అన్నింది. "జయకుమార్ మామ కూతురి ఫంక్షన్లో తట్టలు మోస్తానంటే మగపిల్లోడివి నీకెందుకురా అని పంపేసినారు. నేను పందిలి గుంజ పట్టుకోని చూస్తా నిలబడినా. నాకు కావాల మిస్."

కండ్లద్దాల పిల్ల పోయి దాన్ని కరుచుకుంది. "సరే, అయితే నేను తట్ట మోస్తా. కానీ అవ్వా, తర్వాత మన ఇద్దరికీ పంచాయితీ ఉండాది" అన్నింది. ఉండనీ.

మణికందన్‌కు పరీక్ష అని చెప్పినా.


ఫిబ్రవరి 23, ఆదివారం

జయకుమార్ కాడికి పోయినా. సుగంతికి తమ్ముడు. మైకు సెట్టు, షామియానా, కుర్చీలు బాడుగకు ఇస్తాడు. మా ఊర్లో ఎవురింట్లో పిల్ల పెద్దమనిషైనా వానిదే పందిలి, వానిదే ఫ్లెక్సు. గోడౌన్లో వంట అండాలు కడిగిస్తా ఉండాడు.

"అత్తా, రా రా. కాఫీ తాగతావా?"

"కాఫీ తర్వాత. నీ అక్క కూతురికి సీరు పెట్టాల. మార్చి ఏడు."

"మా అక్కకు కూతురు యాడిది?"

చెప్పినా. మొదటి నుంచి చివర దాకా చెప్పినా. వాడు పనోళ్ళను బయటికి పంపేసినాడు.

"అత్తా, తల తిరుగుతా ఉందా నీకు? మగబిడ్డకు సీరా? ఊరు నవ్వుతాది."

"నవ్వనీ. నీ మైకు పెట్టు, బాగా ఇనపడతాది."

"ఎగతాళి కాదత్తా. రేపు నన్నెవురు పిలుస్తారు? ఈ పనికి పోయినోడా అని తలుపు మూస్తారు. నాకూ ఒక కూతురుండాది, పెండ్లి చెయ్యాల."

"జయకుమారూ, ఎండల్లో వచ్చే వైకాశి నెల్లో మన గంగమ్మ సిరసు తిరునాళ్ళకు మైకు కట్టేది ఎవురు?"

"నేనే."

"ఆయమ్మ తల ఒకరిది, ఒళ్ళు ఒకరిది. రేణుకమ్మ తల తీసుకోని పోయి వేరే ఆమె ఒంటి మీద పెట్టినాక కదా ఊరంతా కొబ్బరికాయలు కొట్టేది? తల యాడిది, ఒళ్ళు యాడిది అని ఎప్పుడన్నా మైకులో అడిగినావా? చేతులెత్తి మొక్కినావు. నా బిడ్డకు కూడా తల ఒకటి చెప్తా ఉండాది, ఒళ్ళు ఒకటి చెప్తా ఉండాది. నువ్వు మొక్కొద్దులే. ఒక మాల ఎయ్యి చాలు."

వాడు లేచి అండా బోర్లించినాడు.

"దేవుని మాట వేరే, ఇంటి మాట వేరే అత్తా. నా వల్ల కాదు."

కాఫీ తాగకుండా వచ్చేసినా. వాళ్ళింట్లో కాఫీ బాగుంటాది కూడా.


ఫిబ్రవరి 26, బుధవారం

శివరాత్రి. ఒక్కపొద్దు. ఎవురితోనూ మాట్లాడలేదు.


మార్చి 2, ఆదివారం

అబద్ధాలు అయిపోయినాయి.

"అమ్మా, తోలుకొస్తావని పంపిస్తే ఆడనే కాపురం పెట్టినావే" అన్నాడు మణికందన్. "జరమంటివి. పరీక్షంటివి. ఈ శుక్రవారం నేనే పోతా. సర్టిఫికెట్లు కూడా తెచ్చేస్తా. ఇంక ఆ కాలేజీ మాట ఈ ఇంట్లో ఎత్తకూడదు."

"శుక్రవారం ఎందుకురా, శనివారం పో."

"ఎందుకు? శుక్రవారం ఏముండాది?"

ఏమీ లేదన్నా. ఒక్క మాట తప్పితే చాలు, మొహం చూసి పట్టుకుంటాడు. చిన్నప్పుడు బెల్లం దాచిపెట్టినా ఇట్లే పట్టుకునేవాడు.

"వాడు నా బిడ్డమ్మా" అన్నాడు. "రోడ్డు మీద ఎవుడన్నా రాయి తీసుకోని కొడితే? బస్టాండులో వాళ్ళను ఎట్ల చూస్తారో నేను చూడలేదా? ఇంట్లో ఉంటే నా కంటి ముందర ఉంటాడు."

వాని భయం నాకు తెలుసు. ముత్తు వాళ్ళ నాయనకు కూడా ఇదే భయం. ముత్తును గుంజకు కట్టేసినాడు, కండ్ల ముందర ఉంటాడని.

వాడు బయటికి పోయినాక సుగంతి వచ్చి నా పక్కన కూర్చుంది. కవరులో నుంచి ఒక చీర తీసింది. నెమిలికంఠం రంగు. దానిమీదికి కుట్టించిన జాకెట్టు.

"ఇదేందే?"

"తమ్ముడు చెప్పినాడత్తమ్మా, నువ్వు పోయి అడిగినావని."

"కొలత యాడ తెచ్చినావు?"

"దాని చొక్కా ఒకటి ఇంట్లో ఉండాది కదా. దాన్నిబట్టి ఇచ్చినా. భుజం కాడ కొంచెం ఇప్పుకునేటట్టు గుడ్డ ఉంచమన్నా."

ఇన్నాళ్ళూ దీనికి మాట్లాడే ఓపిక లేదని నేను అనుకుంటా ఉండా.

"నీ తమ్ముడు వస్తాడా?"

తల అడ్డంగా ఊపింది.


మార్చి 6, గురువారం

పుట్టు రేపు తెల్లారి చేస్తే చాలు. పసుపు కొమ్ములు, గాజులు, పండ్లు సర్దినాము. సుగంతి శుక్రవారం ఫ్యాక్టరీలో ఓటీ ఉండాదని చెప్పింది మొగునికి. ఆ పిల్ల అబద్ధం నాకంటే బాగా చెప్తాది.

మేనమామ లేడు. తట్టలు ఉండాయి.

మణికందన్ రెండు గంటల బస్సుకు పోతాడంట.


మార్చి 7, శుక్రవారం

వరసగా చెప్తా. తడబడకుండా చెప్తా. ఇది రేపు మళ్ళా ఇనాలని ఉండాది నాకు.

సుగంతీ నేనూ పొద్దున్నే తట్టలు మూటలు కట్టుకోని పోయినాము. పెద్ద హాలు. కాగితాల తోరణాలు, ఏడు రంగుల గుడ్డలు, పిల్లకాయల చెంపల మీద రంగు గీతలు. ఒకడు గడ్డం పెంచుకోని కాళ్ళకు గజ్జెలు కట్టుకోనుండాడు. ఒక పిల్ల పంచె కట్టి మీసం గీసుకోనుండాది. ఎవురూ ఎవురినీ వింతగా చూడలా. నాకు ఏమనిపించిందంటే, మా వీధిలో పడుగు ఏసిన తెల్లారి మాదిరి అనిపించింది. అందరూ తలా ఒక కొస పట్టుకోనుండారు.

మోనిష వాళ్ళ అమ్మను చూసి అట్లే నిలబడిపాయె. సుగంతి జాకెట్టు తీసి దాని భుజాలకు ఆనించి చూసింది. "సరిపోతాది" అన్నింది. తర్వాత ఇద్దరూ ఏడ్చినారు. నేను ఏడవలా. నాకు పనుండాది.

పాటలు, ఆటలు, ఒక్కొక్కరు మైకులో వాళ్ళ కథ చెప్పినారు. తర్వాత ఎవాంజలిన్ మిస్ పిలిచింది, "ఇప్పుడు గుడియాతం నుంచి పాపాతి అవ్వ సీరు తెస్తా ఉండారు" అని. అందరూ గుమ్మం తట్టు తిరిగినారు. నేను గుమ్మం బయట తట్టలతో నిలబడి ఉండా. కాలు లోపలికి పెట్టలేదు.

"రండవ్వా" అన్నాడు దినకర్.

"ఎట్ల వచ్చేది? నేను నాయన తట్టు మనిషిని. మేనమామ ముందర నడవకుండా సీరు గడప దాటదు."

"అయితే నేనే మామ అవుతా."

"నువ్వు దానికంటే నెల చిన్నోడివి. మామవి యాడ అవుతావురా వెదురుపుల్లా?"

పిల్లకాయలు నవ్వినారు. నేను నవ్వలా. మిస్సు మెల్లగా, "అమ్మా, ఇక్కడ ఇన్ని వరసలు చూసుకోము కదా" అన్నింది. మీరు చూసుకోరు తల్లీ. నేను చూసుకుంటా. ఆ ఒక్కటి సరిగ్గా లేకపోతే, రేపు ఎవుడన్నా అది ఉత్త నాటకం అంటే నేనేం చెప్పాల? నా చీర చెమటకు తడిసిపోయేటట్టు ఎండలో నిలబడి ఉండా. సుగంతి నా మోచెయ్యి పట్టుకోనుండాది.

అప్పుడు మినీలారీ వచ్చింది. హారను కొట్టుకుంటా వచ్చింది. ఎనకాల నిండా పచ్చ కొబ్బరాకులు.

జయకుమార్ దిగినాడు. నా మొహం చూడలా. తట్టల్ని చూసినాడు, హాలును చూసినాడు.

"గుడిసె యాడ కట్టేది? పచ్చ కొబ్బరి ఓల లేకుండా సీరా? నువ్వు ఇట్ల చేస్తావని తెలిసే వచ్చినా అత్తా. నా పేరు పోతాది."

"ఫ్లెక్సు తెచ్చినావా?"

"ఫ్లెక్సుకు ధైర్యం చాల్లేదు. ఓలలు మటుకు తెచ్చినా." అని చొక్కా చేతులు మడిచి, "రేయ్ పిల్లకాయలూ, చూస్తా నిలబడితే ఎట్ల? ఇట్ల మడిచి ఇట్ల అల్లాల, పట్టుకోండి!" అని కేకేసినాడు.

యూనివర్సిటీ పిల్లకాయలు నేల మీద కూర్చోని ఆకులు అల్లినారు. వంకరటింకర. జయకుమార్ ఒక్కొక్కటీ తిట్టుకుంటా సరిచేసినాడు. గజ్జెల పిల్లోడు బాగా అల్లినాడు. వాన్ని తిట్టలా.

గడప దాటినాము. ముందర జయకుమార్, వానెనక తట్టలు. కండ్లద్దాల పిల్ల గాజుల తట్ట మోసింది. సుగంతి బిడ్డకు పసుపునీళ్ళు చల్లింది, పక్క గదిలోకి తోలుకోని పోయి చీర కట్టుకొచ్చింది. మోనిష పచ్చాకు గుడిసెలో కూర్చుంది. జయకుమార్ మాల పట్టుకున్నాడు. ఎన్ని ఫంక్షన్లు చూసినోడో, మాల ముడి రెండుసార్లు చూసుకున్నాడు.

"మోనిషా, తల వంచమ్మా" అన్నాడు.

మాల పడింది. ఆ హాలు చప్పట్లకు పైకప్పు లేస్తాదేమో అనుకున్నా.

గుడిసెలోంచి వాసన వచ్చింది. ఆ వాసనే. ముత్తూ, నీకు చెయ్యలా ఎవురూ. దీనికి చేసినా.

అప్పుడు చూసినా. గుమ్మంలో మణికందన్.

బస్సు దిగి నేరుగా వచ్చినట్టుండాడు, చెమట, చేతిలో సంచి. దినకర్‌కు ఆయప్ప ఎవురో తెలీదు. వచ్చినోళ్ళందరికీ మాదిరే పన్నీరు చల్లి, చందనం, కలకండ తట్ట చాపినాడు. "రండి సార్, రండి. ఎవురింటోళ్ళు మీరు?"

మణికందన్ గుడిసె తట్టు చూస్తా ఉండాడు. మోనిష చూసింది. లేవలా. చీర కుచ్చిళ్ళు రెండు చేతుల్తో పట్టుకోని అట్లే కూర్చుంది. దాని మొహం మీద పసుపు. సుగంతి దాని ముందరికి వచ్చి నిలబడింది, మొగునికి ఎదురుగా. జయకుమార్ కూడా పక్కకు వచ్చినాడు. నేను కదల్లా. కదిలితే ఏదో ఒకటి తిడతానని భయం.

దినకర్ మళ్ళా అడిగినాడు. "సార్, ఎవురింటోళ్ళు?"

చుట్టూ పిల్లకాయలు చూస్తా ఉండారు. వాళ్ళకు ఏమీ తెలీదు. ఎవురో ఒకరి నాయన వచ్చినాడని సంతోషంగా చూస్తా ఉండారు.

మణికందన్ చెయ్యి ఎత్తినాడు. గుడిసె తట్టు చూపించినాడు. అంతే. కలకండ ఒక ముక్క తీసుకోని పిడికిట్లో పెట్టుకున్నాడు. తినలేదు, పారెయ్యలేదు. తెల్లచొక్కా పిల్లోడెవుడో కుర్చీ తెచ్చి ఏసినాడు. కూర్చోలా. చివర దాకా నిలబడే ఉండాడు. బిడ్డతో ఒక్క మాట మాట్లాడలా. సర్టిఫికెట్లకు ఆఫీసు తట్టు కూడా పోలా.

బస్సులో ముగ్గురమూ ఒకే సీటు. జయకుమార్ మినీలారీ ఏసుకోని ముందే పోయినాడు. మణికందన్ కిటికీ పక్కన కూర్చోని బయటికి చూస్తా ఉండాడు. నేను పూలంగడి గురించి, ఎండ గురించి ఏదో ఒకటి మాట్లాడతా ఉండా, ఎవురూ ఇనకపోయినా. పాలారు ఏట్లో ఉత్త ఇసక. పళ్ళికొండ దాటినాము.

"పరీక్షలు ఎప్పుడంట?" అన్నాడు.

సుగంతి మొహం తిప్పేసుకోని కొంగు నోట్లో పెట్టుకుంది.

"ఏప్రిల్లో" అన్నా.

"అంతవరకూ ఆడనే ఉండనీ. మధ్యలో పిలవద్దు. చదువు చెడతాది."

ఊరొచ్చినాక సంచి ఎత్తుకోని ముందర దిగినాడు.

ఏప్రిల్ అని నోటికొచ్చింది చెప్పినా. నాకేం తెలుసు పరీక్షలు ఎప్పుడో. పొద్దున్నే మోనిషకు ఫోను చేసి అడగాల. మే అనిందంటే మళ్ళా ఇంకో అబద్ధం ఎతుక్కోవాల.